బావగారి పెట్టె వెళ్లిపోయిన రోజు

సినిమాల్లో పనిచేశానని చెప్పగానే ఇప్పటి కుర్రవాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు. ఏ హీరోతో చేశారు సార్ అని అడుగుతారు. హీరోలతో కన్నా పిల్లలతో, ఎడ్లతో, కూలికి వచ్చిన జనంతో ఎక్కువ చేశానని చెబితే ఆ కుర్చీ మళ్లీ వెనక్కి పోతుంది. పోనివ్వండి. అసిస్టెంటు డైరెక్టరుగా నా బతుకంతా గడిచింది వాళ్లతోనే. అందులోనూ నాకంటూ పేరు తెచ్చిపెట్టిన పని ఒకటుంది. చెప్పుకోవడానికి అంత గొప్పగా ఉండదు. నేను పిల్లల్ని ఏడిపించేవాణ్ణి.

ఆ రోజుల్లో గ్లిజరిన్ పెద్దవాళ్లకే. పిల్లలకి వేస్తే కళ్లు ఎర్రబడి రెండో షాటుకి పనికిరారు. అందుకని కెమెరా తిరిగే ముందు ఎవరో ఒకరం పిల్ల పక్కన కూర్చుని చెవిలో ఒక మాట చెప్పేవాళ్లం. మీ అమ్మ నిన్ను ఇక్కడే వదిలేసి ఊరెళ్లిపోయింది. మీ కుక్కపిల్లని మునిసిపాలిటీ వాళ్లు పట్టుకుపోయారు. పిల్లకి మొహం మారిపోతుంది, పెదవి వణుకుతుంది, డైరెక్టరు స్టార్ట్ అంటాడు. కట్ చెప్పాక బిస్కెట్టు చేతిలో పెట్టి ఉత్తిదే ఉత్తిదే అంటాం. ఏ పిల్లకి ఏ మాట తగులుతుందో చూడగానే పసిగట్టడం నాకు అబ్బింది. మద్రాసు నుంచి వచ్చిన మా డైరెక్టరు నన్ను పెట్టుకున్నదే ఆ విద్య చూసి.

అరవై తొమ్మిదిలో మాట ఇది. అశోక్‌నగర్‌లో ఒక ఇంటి ముందు గదులు కిరాయికి తీసుకుని చిన్న కంపెనీ పెట్టారు. తీస్తున్నది పిల్లల నవల. రాసినావిడ నారాయణగూడలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. మేమంతా టీచరుగారు అనేవాళ్లం. ఆవిడ చిన్నప్పుడు విశాఖపట్నంలో ఉండేవారట. యుద్ధంలో అక్కడ జపాన్ వాళ్ల బాంబులు పడ్డప్పుడు ఊరు ఊరంతా పెట్టేబేడా సర్దుకుని లోపలి పల్లెలకి వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడమే నవల. పదేళ్ల పిల్ల ఒకత్తె ఉంటుంది. దీపం వెలుగు బయటికి కనపడకూడదని ఇంటి కిటికీలకి నల్లకాగితం అంటిస్తారు. ఆ పిల్ల పిన్నీసుతో కాగితానికి చిల్లు పొడిచి, అందులోంచి రోజూ ఓడలు చూస్తుంది. ఆఖరి పేజీలో ఎడ్లబండి కదులుతుంది, పిల్ల వెనక్కి తిరిగి ఆ కిటికీ వంకే చూస్తుంది, మలుపు వచ్చేదాకా చూస్తూనే ఉంటుంది. ఆ పేజీ చదివి బడి పిల్లలు ఏడ్చేవారట. మా డైరెక్టరు సినిమా తీస్తానని బయలుదేరిందీ ఆ పేజీ కోసమే.

సముద్రం లేని ఊళ్లో సముద్రపు ఊరు ఎలా తీస్తారని అడగొద్దు. విశాఖకి పోవడానికి కంపెనీకి తాహతు లేదు. కెమెరామెన్ పాతబస్తీ మనిషి, దేనికీ లేదనేవాడు కాదు. లోయర్ ట్యాంక్ బండ్ మీద కెమెరా కింద పెట్టి చెరువు గట్టు పైకి చూపించాడు. గట్టు మీద గాలికి పాప జుట్టు ఎగురుతుంటుంది, వెనక అంతా ఆకాశం. "ఉదర్ క్యా హై, ఎవరికి తెల్సు భాయ్? జనం సముందరే అనుకుంటరు," అన్నాడు. తెర మీద చూస్తే నిజంగా గట్టు అవతల సముద్రం ఉన్నట్టే ఉంది.

పాప అంటే నవల్లో పిల్ల వేషం వేసిన అమ్మాయి. టీచరుగారి క్లాసులోనే చదివేది. తండ్రి ప్రభుత్వాఫీసులో గుమస్తా. రాష్ట్రం ఏర్పడ్డాక కృష్ణా జిల్లా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఒక పోర్షన్‌లో ఉండేవాడు. పాప పుట్టిందీ ఆ ఇంట్లోనే. తండ్రి అక్కగారి కుటుంబం చిక్కడపల్లిలో ఉండేది. ఆ అక్కగారి భర్తని వీధంతా బావగారనే పిలిచేవాళ్లం, ఎందుకంటే పాప తండ్రి నోరు తెరిస్తే బావగారు అన్నారు, బావగారు చెప్పారు అనడమే. ఆ బావగారి ఇంటికి పాతకాలపు అరుగులూ చెక్క కిటికీలూ ఉన్నాయి. అదే మా విశాఖపట్నం ఇల్లు. కిటికీలకి నల్లకాగితం అంటించాం. బావగారి భార్య రోజూ పొద్దున వచ్చి, "ఈ చీకటి కాగితాలు ఎప్పుడు పీకుతారయ్యా, నా వంటింట్లో పప్పేదో రాయేదో తెలియడం లేదు," అని మందలించి పోయేది.

షూటింగు అంతా సాఫీగా పోయింది, ఆ ఆఖరి చూపు తప్ప. పాపకి అది రాలేదు. వెనక్కి చూడమంటే చూసేది. బస్సెక్కుతూ గొడుగు మరిచిపోయానా అని చూసుకున్నట్టు చూసేది. డైరెక్టరు నా వంక కనుసైగ చేశాడు. నేను వెళ్లి పక్కన కూర్చుని, నాకు తెలిసిన మాటల్లో గట్టిదే చెవిలో వేశాను.

"పాపా, మీ అమ్మ నిన్ను మాకు ఇడిసిపెట్టి ఊరికి పోయిందంట."

పాప నా మొహంలోకి చూసి పకపకా నవ్వింది. "ఏందన్నా నువ్వు! అమ్మ ఆ అరుగు మీద కూర్చుని అత్తతో పల్లీలు తింటోంది కదా!"

యూనిట్టంతా నవ్వింది. టీచరుగారు మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి, "బాబూ, పిల్ల చెవిలో అబద్ధం ఊది ఏడిపిస్తే అది సినిమా అవుతుందేమో గాని, నా నవల మాత్రం కాదు," అన్నారు. మా వృత్తికి అది తప్పదని చెప్పాలనిపించింది. చెప్పలేదు, ఆవిడ నాకు కూడా బెత్తం పట్టుకున్న టీచరులాగే కనిపించేది. ఆ షాటు ఆఖరికి తీద్దామని వదిలేశాం.

ఈలోగా ఊరు మారిపోయింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం రాజుకుంది. కాలేజీలు మూతపడ్డాయి. పగలు సడలించి రాత్రి కర్ఫ్యూ పెట్టే రోజులు వచ్చాయి. ఎవరిది న్యాయం అనే మాట నేను ఇక్కడ తేల్చేది కాదు. నేను చిక్కడపల్లిలో పుట్టినవాణ్ణి, డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క క్లాపు పట్టుకున్నవాణ్ణి. నా తమ్ముడు రోజూ ఊరేగింపుకి పోయేవాడు. పొద్దున వాడి మాట వింటే నాకూ కడుపు మండేది. మధ్యాహ్నం పాప వాళ్లమ్మ పెట్టిన పెసరట్టు తింటే అదే కడుపు చల్లబడేది. రెండూ నిజమే. కాలు ఒకచోట నిలిచేది కాదు, రాత్రి పడుకుంటే ప్రతి సైకిలు చప్పుడుకీ లేచి కూర్చునేవాణ్ణి. కృష్ణా, గుంటూరు నుంచి వచ్చిన కుటుంబాల సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రాలు అరుగుల మీద ఒకటే మాట, ఉందామా పోదామా. ఎవరూ ముందు కదలరు. పక్కవాడు కదిలితే కదలడానికి మాత్రం అందరూ సిద్ధం.

అలాంటి రోజుల్లో మేం ఏం చేశామో వినండి. జనం ఊరొదిలి పోయే దృశ్యం తీశాం.

తప్పదు మరి. ఆ దృశ్యం తీస్తే ఆఖరి చూపు తప్ప సినిమా అయిపోయినట్టే. డైరెక్టరుకి సొమ్ములూ అయిపోతున్నాయి, ఓపికా అయిపోతోంది. నారాయణగూడ చౌరస్తాలో పొద్దున్నే పని కోసం నిలబడే పాలమూరు కూలీలని మాట్లాడుకున్నాం. కవాడిగూడ నుంచి ఎడ్లబండ్లు తెచ్చాం. ట్రంకుపెట్టెలు మాత్రం కొత్తవి కొనలేక, చిక్కడపల్లిలో తెలిసినవాళ్ల ఇళ్లలో ముందురోజు సాయంత్రం అడిగి తెచ్చాను. ఆ కాలపు ట్రంకుపెట్టెలు ఎరుగుదురు కదా, ముందువైపు తెల్ల పెయింటుతో యజమాని పేరు, ఇంటిపేరుతో సహా, అరచేతంత అక్షరాల్లో ఉండేది. బావగారి పెట్టె అన్నిటికన్నా పెద్దది, ఆకుపచ్చది. దాన్ని మొదటి బండిలో పైన పెట్టించాను.

ఇంకొకటి కూడా చేశాం. వీధిలో షూటింగు అంటే జనం మూగుతారు, కెమెరాలోకి చూసి పళ్లు ఇకిలిస్తారు. ఆ బాధ పడలేక కెమెరామెన్ ఒక ఉపాయం పన్నాడు. కెమెరాని బావగారి డాబా మీద, ఆరేసిన దుప్పట్ల చాటున పెట్టాడు. డైరెక్టరు కూడా అక్కడే నక్కి కూర్చున్నాడు. కేక వేస్తే బయటపడుతుంది కాబట్టి ఎర్ర తువ్వాలు ఊపితే మొదలు. నేను పంచె కట్టి, తలకి ఉత్తరీయం చుట్టుకుని జనంలో కలిసిపోయాను. అనుమతి కాగితం మేనేజరు జేబులో ఉంది. కాగితం ఆయన జేబులో ఉంటే వీధికి ఎలా తెలుస్తుంది?

కూలీల్లో ముందు నడిచే పెద్దావిడ ఒకామె ఉంది, మహా మాటకారి.

"ఎట్ల నడవాల్నో చెప్పు కొడుకా."

"ఊరు ఇడిసిపెట్టి పోతున్నట్టు నడువు అక్కా."

"యాడికి పోతం? కూలి ఇచ్చేది ఈడనే గద!"

గుంపంతా గొల్లుమంది. నేను చేతులు జోడించాను. "నవ్వకుండ్రి, మీకు దండం పెడత. జర ఏడువుండ్రి."

"ఏడువుమంటె ఏడుస్తం. ఎవలి కోసం ఏడ్వాలె?"

"ఇంటి కోసం అక్కా. ఇల్లు ఇడిసి పోతున్నరు."

"ఇల్లు కోసమా," అంది ఆవిడ. నవ్వు ఆగిపోయింది. "అట్లయితె నువ్వు నేర్పేది లేదు తియ్యి."

తువ్వాలు ఊగింది. బండ్లు కదిలాయి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తుకున్న ఏడుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. చంకల్లో పిల్లలు నిజంగానే జడుసుకుని ఏడ్చారు. ఆ సందులో ఎడ్లబండి వెనక్కి తిప్పడానికి చోటు లేదు. అందుకని అందరం తిన్నగా అశోక్‌నగర్‌లోకి పోయి, ఇంకో సందులోంచి చుట్టి మళ్లీ చిక్కడపల్లి చేరాం. డైరెక్టరుకి తృప్తి లేదు. తలపాగాలు మార్చి రెండో టేకు తీశాం. మళ్లీ అదే చుట్టు. అంటే అశోక్‌నగర్ జనానికి కనిపించింది ఇది: చిక్కడపల్లి వాళ్లు పెట్టెలతో, పిల్లలతో ఏడుస్తూ వెళ్లిపోయారు, కాసేపటికి ఇంకొంతమంది కూడా వెళ్లిపోయారు, ఎవరూ తిరిగి రాలేదు. పెట్టెల మీద పేర్లు చదువుకున్నారు. ఆ పేర్లు వాళ్లు ఎరిగినవాళ్లవే.

పాప తండ్రి పాలవాడి దగ్గర చెంబుతో నిలబడి ఉన్నాడట. ఆ రోజు పాపకి షూటింగు లేదు, జనం షాట్లే. కర్ఫ్యూ రోజుల్లో షూటింగు ఏముంటుందిలే అనుకున్నాడు. మొదటి బండి మీద బావగారి ఆకుపచ్చ పెట్టె, బావగారి పేరు.

రెండో టేకు అయ్యాక మేం ఉప్మా తింటూ సంబరపడుతున్నాం. డైరెక్టరు నా భుజం తట్టి, "ఏవయ్యా, ఎంత సహజంగా వచ్చిందనుకున్నావ్!" అన్నాడు. ఇంతలో బావగారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

"బాబూ, నా పెట్టె నాకు ఇచ్చేయ్. అర్జెంటు."

"ఏమైంది సార్? సాయంత్రం పంపుతనన్న గద."

"సాయంత్రం దాకా ఎక్కడుంటాం? అశోక్‌నగర్ సగం ఖాళీ అయిపోయిందిట. అందరూ స్టేషన్‌కి పోతున్నారు. మా ఇంటావిడ బట్టలు మూటలు కడుతోంది, సర్దుకోడానికి పెట్టె లేదు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. "అశోక్‌నగర్ వాళ్లు ఎందుకు పోతున్నరు?"

"చిక్కడపల్లి వాళ్లు పోయారనిట!"

"చిక్కడపల్లి వాళ్లంటే మీరే గద సార్! మీరు ఈడనే ఉన్నరు గద!"

ఆయన నోరు తెరిచి, నా వంక చూసి, నా పంచె వంక చూసి, బండి మీద పెట్టె వంక చూశారు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మా దొంగ వలస ఊరు చుట్టి మళ్లీ మా ముంగిటికే వచ్చి నిలబడింది.

బావగారు అరుగు మీద కూలబడి, నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశారు. నేను మాత్రం పంచె ఎగ్గట్టి పరుగెత్తాను. పాప వెళ్లిపోతే సినిమా ఆగిపోతుందన్నదే నా పరుగు, మంచితనం ఏమీ కాదు. దారిలో కొట్లు మూసేస్తున్నారు. కనిపించిన ప్రతి ఇంటి ముందూ ఆగి, అది షూటింగండీ, సినిమా అండీ అని అరిచాను. కొంతమంది తిట్టారు, కొంతమంది తలుపు మూశారు. వేషం చూసి నమ్మలేదేమో తెలియదు.

పాప ఇంటి ముందు పరుపూ దుప్పట్లూ చుట్టి హోల్డాలు కట్టి ఉంది. తండ్రి తాడు బిగిస్తున్నాడు. నేను రొప్పుతూ అంతా చెప్పాను. పెట్టె మేం అడిగి తెచ్చిందేనని, బావగారు ఇంట్లో కాఫీ తాగుతున్నారని చెప్పాను. ఆయన విన్నాడు. తాడు మాత్రం వదల్లేదు.

"మా బావ నాకు చెప్పకుండా వెళ్లిపోయాడనుకున్నానయ్యా," అన్నాడు. "అంత మనిషే చెప్పకుండా పోయాడంటే ఇంక మాకు ఎవరున్నారనిపించింది. ఇప్పుడు అది సినిమా అంటున్నావు. సంతోషం. కానీ పాలచెంబు పట్టుకుని అక్కడ నిలబడ్డప్పుడు నాకు పట్టుకున్న వణుకు సినిమా కాదు. ఇంటావిడా నేనూ ఇన్నాళ్లూ ఒకరికొకరం ధైర్యం చెప్పుకుంటున్నాం. ఇవాళ ఆ ధైర్యం అయిపోయింది. వెళ్తాం."

ఈయన్ని ఆపగలిగేది టీచరుగారే అనుకున్నాను. ఆవిడ మాటంటే ఆ ఇంట్లో వేదం. నారాయణగూడకి పరుగెత్తాను. దారిలో డైరెక్టరుకి కబురు పెట్టాను. టీచరుగారు నా మాట పూర్తిగా వినకుండానే చెప్పులు వేసుకున్నారు. దారంతా నేను నూరిపోశాను. రెండు రోజులు ఉండమనండి చాలు టీచర్‌గారూ, ఒక్క షాటు, మీ ఆఖరి పేజీ. ఆవిడ నడక వేగం పెంచారు.

మేం వెళ్లేసరికి డైరెక్టరూ కెమెరామెనూ అక్కడ ఉన్నారు. కెమెరామెన్ భుజం మీద శాలువా కింద కెమెరా. రిక్షాలు రెండు వచ్చి నిలబడ్డాయి. పాప తండ్రి టీచరుగారిని చూసి చేతులు జోడించాడు.

"మీరు ఉండమంటే ఉంటానండీ టీచరుగారూ. మీ మాట కాదనను. ఉండమంటారా?"

నేను ఆవిడ మొహం వంకే చూస్తున్నాను. డైరెక్టరూ చూస్తున్నాడు. ఆవిడ గుమ్మంలో హోల్డాలు వంక చూశారు, తలుపుకి తాళం వేస్తూ కళ్లు తుడుచుకుంటున్న పాప తల్లి వంక చూశారు. ఉండమంటే ఆ మనిషి ఉంటాడు, అది ఆవిడకీ తెలుసు. రేపు ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారో కూడా తెలుసు.

"రైలు ఎన్నింటికి?" అన్నారు టీచరుగారు.

నా సినిమా అక్కడితో అయిపోయింది. కోపం వచ్చింది, చెప్పొద్దూ. కానీ ఆవిడ వంగి, పాప జడ విడిపోతుంటే మళ్లీ బిగించి కట్టారు. డైరెక్టరు మాత్రం ఆశ చావక పాప తండ్రిని బతిమాలాడు. "సార్, మీరు ఎలాగూ వెళ్తున్నారు. రిక్షా కదిలేప్పుడు పాపని ఒక్క షాటు తీసుకుంటాం. ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు." ఆయన సరేనన్నాడు. ఎడ్లబండి లేకపోతేనేం, రిక్షా కనపడకుండా దగ్గరగా తీస్తానని కెమెరామెన్ అన్నాడు. ఇంతకాలం మేం అబద్ధాలతో రాబట్టలేకపోయింది ఇప్పుడు నిజంగానే జరుగుతోంది కదా. పుట్టి పెరిగిన ఇల్లు వదిలి పోతోంది, తిరిగి చూడకుండా ఎలా ఉంటుంది?

రిక్షా కదిలింది. కెమెరా గరగరమంది. పాప మంచినీళ్ల మరచెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చూడలేదు. డైరెక్టరు పళ్ల బిగువున, "చూడమ్మా, చూడు, ఇంటి వంక చూడు," అంటున్నాడు. పాప తండ్రిని మోచేత్తో పొడిచి, "రైల్లో కిటికీ పక్కన నేను కూర్చుంటా. తమ్ముడు కాదు, నేను. ఇప్పుడే చెప్పండి," అంటోంది. ఆ మాట మాకు స్పష్టంగా వినిపించింది. మలుపు దాకా అదే తగువు. మలుపు తిరిగింది, అయిపోయింది.

డైరెక్టరు తల పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. టీచరుగారు నవ్వుతున్నారు. దగ్గరికి పోయి చూస్తే చెంపల మీద నీళ్లు.

"నేనూ చూడలేదయ్యా," అన్నారు.

"ఏంటండీ?" అన్నాడు డైరెక్టరు.

"ఆ రోజు మా ఇల్లు వదిలినప్పుడు నేనూ వెనక్కి చూడలేదు. ఎడ్లబండి ఎక్కడం నాకు అదే మొదటిసారి. ముందు కూర్చోవాలని మా అక్కతో కొట్లాట. ఎంత సంతోషంగా ఉన్నానో. తిరిగి చూసింది ఎప్పుడనుకున్నారు? పెళ్లయి, పిల్లలు పుట్టి, ఆ నవల రాస్తున్నప్పుడు. అప్పుడు చూశాను. పిల్ల చేత చూపించాను."

డైరెక్టరు మెట్టు మీంచి లేచాడు. "అయితే నా సినిమా ఎలా ముగించను?" అన్నాడు. కెమెరామెన్, "షాట్ తో అచ్ఛా హై సాబ్, మంచిగనే వచ్చింది," అని శాలువా కప్పుకున్నాడు.

బావగారి కుటుంబం ఆ సాయంత్రమే మూటలు విప్పుకుంది. పెట్టె వెళ్లిపోయిన మనిషి ఎక్కడికీ పోలేదు, ఆ పెట్టెను చూసిన మనిషి వెళ్లిపోయాడు. నేను పెట్టె తిరిగి ఇవ్వడానికి పోతే బావగారు దాని మీద తన పేరు వంక చాలాసేపు చూసుకుని, లోపల పెట్టించారు. ఆ తర్వాత ఆయన ఎవరికీ పెట్టె ఎరువు ఇవ్వలేదని విన్నాను.

వానలు పడ్డాక బడులు తెరిచారు. పాప వాళ్లు తిరిగొచ్చారు. అయితే వెళ్లేటప్పుడు ఎప్పుడొస్తామో తెలియదని తాళంచెవి ఇంటాయనకి ఇచ్చేసి పోయారు, ఆయన ఆ పోర్షన్ వేరేవాళ్లకి ఇచ్చేశాడు. అడిగితే మంచిగానే మాట్లాడాడట, ఖాళీ అయితే కబురు చేస్తానన్నాడట. కవాడిగూడలో గది దొరికింది.

డైరెక్టరుకి ఆఖరి చూపు మీద మమకారం పోలేదు. టీచరుగారు ఏమన్నా సరే, జనానికి ఏడుపు కావాలి కదా అన్నాడు. ఇంకొక్కసారి తీద్దాం, పాపని తీసుకురా అని నన్ను పంపాడు. నేను కవాడిగూడ పోయి పాపని రిక్షాలో ఎక్కించుకుని చిక్కడపల్లికి బయలుదేరాను. దారి అశోక్‌నగర్ మీదుగానే.

పాప గలగలా మాట్లాడుతోంది. రైల్లో కిటికీ తనకే దొరికిందట, తమ్ముడు ఏలూరు దాకా ఏడ్చాడట. మాట మధ్యలో ఆగిపోయింది. రిక్షా వాళ్ల పాత ఇంటి ముందుకొచ్చింది. పిట్టగోడ మీద ఎవరివో చిన్న గౌన్లు ఆరేసి ఉన్నాయి. పాప కూర్చునే మెట్టు మీద తనంతే ఉన్న వేరే పిల్ల కూర్చుని స్లేటు తుడుచుకుంటోంది. రిక్షా దాటిపోయింది. పాప వెనక్కి తిరిగింది. రిక్షా వెనక పట్టీ మీద గడ్డం ఆనించి చూసింది. మలుపు వచ్చేదాకా చూసింది, మలుపు తిరిగాక కూడా అలాగే కూర్చుంది. ఏడవలేదు.

ఎన్ని రకాలుగా చెప్పినా రాబట్టలేని చూపు నా పక్కనే ఉంది. కెమెరా చిక్కడపల్లిలో ఉంది.

చిక్కడపల్లిలో ఎడ్లబండి సిద్ధం, నల్లకాగితం కిటికీ సిద్ధం. టేకు మొదలైంది. పాప వెనక్కి చూసింది, మళ్లీ గొడుగు మరిచిపోయినట్టే. ఇంకో టేకు. అంతే. డైరెక్టరు నన్ను చెయ్యి పట్టుకుని లాగాడు.

"ఏవయ్యా, ఊరికే నిలబడతావేం? నీ పని నువ్వు చెయ్యి. చెవిలో ఏదో ఒకటి చెప్పు."

వెళ్లి పాప పక్కన బండిలో కూర్చున్నాను. ఈసారి అబద్ధం అక్కర్లేదు. మీ మెట్టు మీద కూర్చున్న పిల్ల ఎవరు పాపా అంటే చాలు. నా ఉద్యోగంలో అంత కచ్చితంగా తగిలే మాట నాకు ఎన్నడూ దొరకలేదు. టీచరుగారు అరుగు మీద కూర్చుని నా వంకే చూస్తున్నారు, ఆవిడకి సంగతి తెలియదు. పాప నా వంక చూసి, "చెప్పన్నా, ఈసారి ఏం చెప్తావు? నవ్వను," అంది.

"ఏం లేదు పాపా. ఆకలయితుందా?"

"అవుతోంది."

దిగి వచ్చి డైరెక్టరుతో, "ఇంతే సార్. పిల్లకి గింతకన్న రాదు," అన్నాను. ఆయన నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తర్వాత సినిమాకి నన్ను పిలవలేదు కూడా. దాంతో వేరే కంపెనీలు, వేరే పిల్లలు. పిల్లలకి నా నోటితో చెవిలో మాట చెప్పడం మాత్రం అక్కడితో మానేశాను. వాళ్లకి రానిది రాలేదని చెప్పేవాణ్ణి. తక్కువ సినిమాలు దొరికాయి, అంతే.

మా సినిమా చివరికి రిక్షాలో పాప వెనక్కి చూడకుండా వెళ్లిపోయే షాటుతోనే ముగిసింది. ఉదయం ఆటలు కొన్నాళ్లు ఆడింది. ఆఖర్లో ఏడుపు లేదని జనం పెదవి విరిచారు. టీచరుగారు మాత్రం తన క్లాసునంతా వెంటబెట్టుకుని వెళ్లి చూపించారు.

ఆ ఆఖరి షూటింగు రోజు సాయంత్రం పాపని తిరిగి దింపడానికి రిక్షా ఎక్కించాను. ఎక్కుతూనే, "అన్నా, వేరే దారిలో పోదామా?" అంది. ఎందుకని నేను అడగలేదు. హిమాయత్‌నగర్ మీదుగా పోనిమ్మని రిక్షా ఆయనతో చెప్పాను. చాలా చుట్టు, ఆయన గొణుక్కున్నాడు. లోయర్ ట్యాంక్ బండ్ మీదికి వచ్చేసరికి పాప తలెత్తి గట్టు వంక చూసింది.

"ఇక్కడే కదన్నా నన్ను నిలబెట్టి తీశారు? గట్టు వెనక సముద్రం ఉందని జనం నిజంగా నమ్ముతారా?"

"ఎందుకు నమ్మరు? తెర మీద మంచిగ కనబడ్తది. కనబడ్డది నమ్ముతరు."

పాప మళ్లీ గట్టు వంక చూసింది.

"అవును. మా నాన్న కూడా నమ్మేశారు కదా," అంది.

నేను రిక్షా ఆయనతో, "జర జల్ది పోనీ అన్నా," అన్నాను.